నూట డెబ్బది డాలర్లు

పెద్ద పనికి చిన్న చేయి తోడైనప్పుడు మన తెలుగువారు దానిని ఉడతాభక్తి అందురు. సేతువు కట్టునాడు వానరులు కొండలు పెకలించి తెచ్చుచుండగా, ఒక ఉడత తన మేనికంటిన ఇసుకను రాళ్ళ సందులలో దులిపినదని పెద్దలు చెప్పిన కథ. ఆ ఇసుకవలన వారధి ఎంత గట్టిపడినదో లెక్కకట్టినవారు లేరు. వానరులు తెచ్చిన కొండల పేరులును మనకు జ్ఞాపకము లేవు. ఉడత మాత్రము నేటికిని మన పలుకుబడిలో బ్రదికియున్నది.

అది కథ. చరిత్ర మాట ఏమి? చరిత్ర గ్రంథములు యుద్ధములను, సంధులను, సింహాసనములను వ్రాసినంత శ్రద్ధగా పిడికెడు బియ్యమును వ్రాయవు. ఒకరు మరియొకరికి చేసిన చిన్న ఉపకారము సామాన్యముగ నాటి సాయంకాలమునకే మరుగుపడును. ఎప్పుడో ఒకప్పుడు మాత్రము అట్టి ఉపకారమొకటి చిట్టాలోకెక్కి, పత్రికలో పడి, తరములు దాటి, సముద్రములు దాటి, ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును ఎరుగని మూడవవారి గుమ్మమునకు చేరును. అట్టి ఒక ఉపకారమునకు జాడ తీయుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము. దాని మొత్తము 170 డాలర్లు. ఇచ్చినది 1847వ సంవత్సరము మార్చి 23వ తేదీన. ఇచ్చినవారు అమెరికా ఆదివాసులలో చోక్టా జాతివారు. పుచ్చుకొన్నవారు అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల కరవుతో మాడుచున్న ఐర్లండు ప్రజలు.

కాలము మనస్సునకు తెలియుటకై ఒక్క మాట. ఆ 1847వ సంవత్సరముననే మన ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట పని మొదలైనది. అంతకు పదునైదేండ్ల ముందు, 1832-33లో, నందననామ సంవత్సరపు కరవు గుంటూరు మండలమును ఊడ్చిపెట్టినది. అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని అంచనా. సరిగా ఆ దినములలోనే, భూగోళమునకు ఆవలి ప్రక్కను, చోక్టాలు తమ నేలను విడిచి, చలిలో, ఆకలిలో నడచిపోవుచుండిరి.

చోక్టాలు నేటి మిసిసిపీ రాష్ట్రప్రాంతమున తరతరములుగా ఇండ్లు వాకిళ్ళు కట్టుకొని, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొని బ్రదికిన వ్యవసాయదారులు. తెల్లవారు వచ్చిన పిమ్మట వారితో పోరాడుటకంటె పొత్తునే కోరిరి. బడులు పెట్టుకొనిరి, పశువులను పెంచిరి, వ్రాసి ఇచ్చిన సంధిపత్రములను నమ్మిరి. కాని వారు నివసించిన నేల పత్తిపంటకు మిక్కిలి అనుకూలమైనది. పత్తిమీది ఆశ పెరిగినకొలది ఆదివాసుల హక్కు తరుగుచు వచ్చెను. 1830వ సంవత్సరము మే 28వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, ఆదివాసులను మిసిసిపీ నదికి పడమటికి తరలించుటకు వీలు కల్పించు చట్టముపై సంతకము చేసెను. ఆ సెప్టెంబరులోనే డాన్సింగ్ రాబిట్ క్రీక్ అను వాగు ఒడ్డున ఒక ఒడంబడిక జరిగినది. దానితో చోక్టాలకు మిసిసిపీ ప్రాంతమున మిగిలియున్న సుమారు కోటి పది లక్షల ఎకరముల నేల చేయి దాటిపోయినది. ఆ చట్టము క్రింద మొదట తరలింపబడిన జాతి వారిదే.

ప్రయాణము 1831 మొదలు 1833 వరకు మూడు విడతలుగా సాగెను. తొలి ఏటి చలికాలము కనివిని ఎరుగని క్రూరత్వముతో వచ్చినది. మంచు తుపానులు దారులను మూసివేసెను. కంబళ్ళు చాలవు, బండ్లు చాలవు, గుత్తదారులు ఇచ్చిన తిండి ఒక పూటకును చాలదు. మరుసటి ఏట కలరా తోడైనది. బయలుదేరిన సుమారు 15 వేలమందిలో 2,500 మంది వరకు దారిలోనే ప్రాణములు విడిచిరని చరిత్రకారుల అంచనా. అనగా ఆరుగురిలో ఒకరు. ఆ దారికి 'కన్నీటి బాట' అను పేరు వచ్చినది. తరువాతి ఏండ్లలో చెరోకీ మొదలగు జాతులవారిని తరలించిన దారులకును ఆ పేరే నిలిచినది.

ఆ ప్రయాణమును కన్నులార చూచిన బయటివాడు ఒకడు కలడు. ప్రజాస్వామ్యమును గూర్చి తరువాత గొప్ప గ్రంథము వ్రాసి కీర్తి గడించిన ఫ్రెంచివాడు అలెక్సీ ద తోక్‌విల్ 1831 డిసెంబరులో మెంఫిస్ పట్టణమున ఉండెను. చోక్టాల గుంపొకటి అక్కడ మిసిసిపీ నదిని దాటుచుండెను. నదిలో మంచుగడ్డలు కొట్టుకొనివచ్చుచున్నవి. గుంపులో రోగులు కలరు, పసికందులు కలరు, నేడో రేపో అన్నట్లున్న ముసలివారు కలరు. ఏడ్పుగాని మూలుగుగాని వినబడలేదని ఆయన వ్రాసెను. యజమానులు తమ్ము విడిచిపోవుచున్నారని గ్రహించిన కుక్కలు మాత్రము ఒడ్డున నిలిచి ఊళపెట్టి, ఆ మంచునీటిలోనికి దూకి పడవల వెంట ఈదినవట. ఈ మెంఫిస్ పట్టణమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథ మరల అక్కడికి రాగలదు.

ఇక సముద్రమున కావలి సంగతి. ఐర్లండు నాడు ఇంగ్లండు ఏలుబడిలోనిది. భూములు జమీందారులవి, వారిలో అనేకులు దేశముననే ఉండెడివారు కారు. కౌలుదారు పండించిన ధాన్యము శిస్తు క్రింద పోవును. మిగిలిన చెక్కలో వాడు బంగాళాదుంప వేసికొనును. కొద్దిపాటి నేలలో కుటుంబమునకు ఏడాదితిండి పండించు పంట మరి యేదియును లేదు. కష్టము చేయు మగవాడు దినమునకు అయిదు కిలోల దుంపవరకు తినెడివాడు. దుంప, ఇంత మజ్జిగ, అంతే భోజనము. అట్లు దుంపమీదనే ప్రాణము నిలుపుకొన్నవారు సుమారు ముప్పది లక్షలమంది.

1845వ సంవత్సరపు సెప్టెంబరులో దుంప ఆకులపై నల్లని మచ్చలు కనబడెను. కొలది దినములలో చేలన్నియు కుళ్ళి కంపుకొట్టెను. అది ఫైటోఫ్తోరా అను సూక్ష్మజీవి చేసిన పని అని తరువాత తెలిసినది, నాడు తెలియదు. ఆ ఏట పంటలో కొంత దక్కినది. 1846లో దాదాపు ఏమియు దక్కలేదు. అయినను ఆ దేశపు ధాన్యము, పశువులు, వెన్న మాత్రము ఓడలకెక్కి ఇంగ్లండునకు పోవుచునే ఉండెను. దుంప కుళ్ళినవానికి ధాన్యము కొనుటకు చేత కాసు లేదు. ప్రభుత్వము రోడ్డు పనులు పెట్టి కూలి ఇచ్చెను. 1847 మార్చిలో ఏడు లక్షలమందికి పైగా ఆకలితో తూలుచు రాళ్ళు కొట్టుచుండిరి. ఆ నెలలోనే ప్రభుత్వము ఆ పనులలోనుండి జనమును తగ్గించుట మొదలుపెట్టినది. కరవు, దాని వెంట జ్వరములు, కౌలుదారులను ఇండ్లనుండి వెడలగొట్టుట, ఇవన్నియు కలిసి 1852 నాటికి పది లక్షలమందిని పొట్టనబెట్టుకొనెను. అంతకు మించినవారు ఓడలెక్కి దేశాంతరము పోయిరి. 1841 జనాభా లెక్కలలో 81 లక్షల 75 వేలున్న దేశము 1851 లెక్కలలో 65 లక్షల 50 వేలకు దిగినది. ఐరిషువారు నేటికిని ఆ యేటిని 'నల్లని నలువదియేడు' అని చెప్పుకొందురు.

ఈ వార్త లోకమంతట పాకినది. సహాయముకూడ నలుమూలలనుండి వచ్చినది. తొలి చేతులలో మన కలకత్తా ఒకటి. కంపెనీ సైన్యమున పనిచేయుచున్న ఐరిషు సైనికులు మొదలుకొని పలువురు చందాలు వేసికొని సుమారు 14 వేల పౌనులు పంపిరి. తురుష్క సుల్తాను వేయి పౌనులిచ్చెను. అమెరికాలో బోస్టన్ రేవునుండి జేమ్స్‌టౌన్ అను యుద్ధనౌక ఫిరంగులను దింపి, 800 టన్నుల ఆహారమును ఎక్కించుకొని, మార్చి 28వ తేదీన బయలుదేరి ఐర్లండులోని కార్క్ రేవునకు చేరినది. ఫిరంగులుండవలసిన ఓడలో పిండిబస్తాలుండుట చూచి నాడు ఆశ్చర్యపడనివారు లేరు.

ఆ ఓడ బయలుదేరుటకు సరిగా అయిదు దినములు ముందు, ఏ రేవునకును దగ్గర కాని నడుమ దేశమున, స్కల్లీవిల్ అను చిన్న ఊరిలో ఒక సభ జరిగినది. అది నేటి ఒక్లహోమా రాష్ట్రమునకు తూర్పు అంచున నున్నది. చోక్టాల భాషలో నాణెమునకున్న పేరునుబట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చినదందురు. ఒడంబడిక ప్రకారము వారికి రావలసిన వార్షిక పైకమును అక్కడ పంచెడివారు. ఆదివాసుల వ్యవహారములు చూచు అధికారి మేజర్ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అధ్యక్షుడుగా సభ కూడినది. ఐర్లండు కరవును గూర్చి మెంఫిస్ పట్టణపు సహాయసంఘము పంపిన విజ్ఞప్తిని చదివి వినిపించిరి. అప్పటికప్పుడు 170 డాలర్లు పోగైనవి. సభలో నున్నవారు అధికారులు, మిషనరీలు, వర్తకులు, చోక్టాలు. అందరును ఇచ్చిరి, అందులో పెద్ద భాగము చోక్టాలది. ఆర్కన్సా ప్రాంతమున వెలువడుచుండిన ఒక వారపత్రిక ఏప్రిలు 3వ తేదీన ఈ వార్తను అచ్చువేసినది. 170 డాలర్లు అనగా నేటి విలువలో అయిదువేల డాలర్లకు పైమాట అని లెక్కకట్టినవారు కలరు.

చోక్టాలు ఆ క్రొత్త నేలకు వచ్చి అప్పటికి పదునాలుగు పదునైదేండ్లు మాత్రమే అయినది. ఇండ్లు మరల కట్టుకొనిరి, పొలములు మరల కొట్టుకొనిరి, బడులు మరల తెరచిరి. కాని ఆ సభలో కూర్చుండిన నడివయస్సువాడెవ్వడును కన్నీటి బాటను మరచియుండడు. తల్లినో, తండ్రినో, బిడ్డనో ఆ దారిప్రక్కన పూడ్చిపెట్టి వచ్చినవారు వారు. ఐర్లండును వారు చూడలేదు. ఐరిషువారి భాష ఎరుగరు, మతమును చాలమంది ఎరుగరు. ఎరిగినది ఆకలి ఒక్కటే. ఇల్లు విడిచి, పంట విడిచి, పిల్లలతో రోడ్డునపడిన జనమన్న మాట చెవిని పడగానే దాని అర్థము వారికి ఎవ్వరును విప్పి చెప్పనక్కరలేదు. కడుపు నిండినవాడు చేయు దానమునకును, ఆకలి రుచి చూచినవాడు చేయు దానమునకును తూకమున భేదము కలదు.

ఇందొక విచిత్రము కూడ కలదు. వారిని నేలనుండి వెడలగొట్టిన చట్టమునకు కర్తయైన ఆండ్రూ జాక్సన్ తల్లిదండ్రులు ఐర్లండు ఉత్తరభాగమునుండి అమెరికాకు వలస వచ్చినవారు. చోక్టాలు ఆ లెక్క చూడలేదు. మరియొక నిజమును కూడ దాచరాదు. నాటి చోక్టా ధనికులలో కొందరికి ఆఫ్రికా సంతతి బానిసలుండిరి. తమ బాధనుండి ఐరిషువాని బాధను గుర్తించినవారు తమ పొలములోని బానిస బాధను గుర్తింపలేదు. కనుక ఈ కథలో దేవతలు లేరు. మనవంటి మనుష్యులే ఉన్నారు. మంచి పని చేయుటకు మనిషి సంపూర్ణుడు కావలసిన పని లేదని ఈ కథ చెప్పుచున్నది. ఒక మంచి పని చేసినంత మాత్రమున మనిషి సంపూర్ణుడు కాడనియు చెప్పుచున్నది.

ఆ పైకము వెళ్ళిన దారిని చూతము. స్కల్లీవిల్ నుండి అది మెంఫిస్ సంఘమునకు చేరినది. పదునారేండ్ల క్రిందట చోక్టాలు మంచునీటిని దాటిపోవుచుండగా తోక్‌విల్ చూచిన ఊరు అదియే. ఏ రేవున వారి కుక్కలు ఊళపెట్టినవో, ఆ పట్టణముద్వారానే వారి ధర్మము లోకములోనికి బయలుదేరినది. మెంఫిస్ నుండి న్యూయార్కులోని ఐరిషు సహాయసంఘమునకు పోయినది. ఆ సంఘమువారు తమ లెక్కలలో దీనిని ప్రత్యేకముగ పేర్కొని, చోక్టాలిచ్చినదని గుర్తుచేయుచు డబ్లిన్ నగరములోని క్వేకర్లకు వ్రాసిరి. క్వేకర్లు 1846 నవంబరులోనే సహాయసంఘమును పెట్టి, ఊరూర వంటశాలలు తెరిపించుచుండిరి. రాయలసీమ కరవులలో గంజి కేంద్రములను ఎరిగిన మనకు ఆ వంటశాలలెట్టివో వేరుగా చెప్పనక్కరలేదు. పెద్ద రాగి కాగులలో కాచిన జావను గిన్నెలతో కొలిచి పోసెడివారు. క్వేకర్లు ఎవనిని నీ మతమేమని అడిగెడివారు కారు. వారి చేతులమీదుగా జరిగిన సహాయమంతయు కలిసి సుమారు రెండు లక్షల పౌనులు.

రెండు లక్షల పౌనులలో 170 డాలర్లు ఏపాటి? ఆ జూలైలో ప్రభుత్వపు వంటశాలలలో దినమునకు ముప్పది లక్షలమంది జావ త్రాగుచుండిరి. అందులో ఈ పైకము ఎన్ని గిన్నెలైనదో, ఏ పిల్లవాని పెదవికి తగిలినదో చెప్పుట అసాధ్యము. కరవు దానితో ఆగలేదు. దానికి తరువాతను లక్షలమంది చనిపోయిరి. ఇంతటితో కథ ముగిసినచో, ఇది లెక్కల పుస్తకములో ఒక పంక్తి.

నిజమునకు చిరకాలము అది పంక్తిగానే ఉండిపోయినది. ఉపకారము చేసినవారికి వెంటనే మేలు జరుగునని నమ్మువారికి చోక్టాల చరిత్ర నిరాశయే కలిగించును. పడమటి నేల మీకు శాశ్వతమని చెప్పిన మాటయు నిలువలేదు. 1898లో వచ్చిన చట్టముతో వారి ఉమ్మడి భూములను ముక్కలుచేసి పంచుటకును, వారి ప్రభుత్వమును రద్దుచేయుటకును దారి ఏర్పడెను. 1907లో ఆ దేశమంతయు ఒక్లహోమా రాష్ట్రమైనది. ఎఱ్ఱని మనుష్యులు అని అర్థమిచ్చు ఆ పేరుకూడ చోక్టా మాటయే. పేరు వారిది, అధికారము ఇతరులది. 1847 నాటి దానమును చరిత్రకారులే మరచినంత పనియైనది. 1934లో ఏంజీ డీబో అను విదుషి చోక్టాల చరిత్ర వ్రాయుచు ఈ సంగతిని మరల వెలికితెచ్చిరి. కాని అచ్చులో 170 డాలర్లు 710 అయి కూర్చుండెను. ఆ తారుమారైన అంకెయే చాలకాలము పుస్తకములలోను, పత్రికలలోను తిరిగినది. అంకె తప్పినను సంగతి నిలిచినది.

తరువాత, ఇరువదవ శతాబ్ది చివరి పదియేండ్లలో, నిద్రించిన ఆ విత్తు మొలకెత్తినది. ఐర్లండులో మేయో జిల్లాయందు డూలో అను లోయ ఉన్నది. 1849లో ఆకలిగొన్న జనము తిండికొరకు అధికారుల తనిఖీకై ఆ లోయగుండా నడచి, తిరిగివచ్చుచు కొందరు దారిలో కూలిరి. వారి జ్ఞాపకముగా ఏటేట జరుగు నడకలో 1990లో చోక్టా ప్రతినిధులు పాల్గొనిరి. కన్నీటి బాటవారు కరవు బాటను నడచిరి. 1992లో ఐరిషువారు బదులు నడక నడచిరి. వారు ఒక్లహోమానుండి మిసిసిపీవరకు, చోక్టాలు వచ్చిన దారిని వెనుకకు, వందలాది మైళ్ళు కాలినడకను పోయిరి. నాడు చోక్టాలిచ్చిన ప్రతి డాలరునకు వేయి డాలర్ల చొప్పున పోగుచేయవలెనని వారి సంకల్పము. ఆ పైకము ఎవరికొరకు? చోక్టాలకొరకు కాదు, ఐర్లండుకొరకు కాదు. ఆ సంవత్సరమున కరవుతో అల్లాడుచున్న ఆఫ్రికాలోని సోమాలియా ప్రజలకొరకు.

ఈ కథకు గుండెకాయ ఇక్కడ ఉన్నది. అప్పు ఇచ్చినవానికి తిరిగి చెల్లించుట లోకవ్యవహారము. ఉపకారమను అప్పునకు ఆ నియమము లేదు. అది ఇచ్చినవాని యింటికే తిరిగిపోవలెనన్నచో ఇద్దరి నడుమనే ఆగిపోవును. ఐరిషువారు చోక్టాల అప్పును సోమాలియా చేతిలో చెల్లించిరి. చోక్టాలు దానిని తమకు చెల్లినట్లే భావించిరి. స్కల్లీవిల్ సభలో చందా వేసినవాడు సోమాలియా అను పేరు విని ఉండడు. సోమాలియాలో ఆ తిండి తిన్న బిడ్డ చోక్టా అను పేరు వినియుండదు.

1995లో ఐర్లండు అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ ఒక్లహోమాకు స్వయముగా పోయి చోక్టా జాతికి కృతజ్ఞత తెలిపిరి. కరవు పీడిత సోమాలియాను 1992లో చూచివచ్చినవారును ఈమెయే. 2017వ సంవత్సరము జూన్ నెలలో కార్క్ జిల్లాయందలి మిడిల్టన్ పట్టణమున ఒక స్మారకశిల్పమును చోక్టా జాతి అధినేత గ్యారీ బాటన్ సమక్షమున ఆవిష్కరించిరి. శిల్పి అలెక్స్ పెంటెక్. తొమ్మిది డేగ ఈకలు, ఒక్కొక్కటి ఇరువది అడుగుల ఎత్తు, తుప్పుపట్టని ఉక్కుతో చేసినవి, గుండ్రముగ నిలిచి ఒక గిన్నె ఆకారమును తాల్చును. డేగ ఈక చోక్టాలకు గౌరవచిహ్నము. గిన్నె ఆకలిగొన్న ఐరిషువానిది. మరుసటి సంవత్సరము, 2018 మార్చిలో, ఐర్లండు ప్రధానమంత్రి లియో వరాద్కర్ చోక్టాల నడుమ నిలిచి, వారి యువజనులు ఐర్లండులో చదువుకొనుటకు విద్యార్థివేతనమును ప్రకటించిరి. ఆయన తండ్రి భారతదేశమునుండి వెళ్ళినవాడు. చేతులు ఎట్లెట్లు కలియునో చూడుడు.

అల అంతటితో ఆగలేదు. 2020లో కోవిడ్ మహమ్మారి అమెరికా నైరుతి దిక్కున నవాహో, హోపీ జాతుల ప్రజలను మిక్కిలి బాధించెను. ఎడారి వంటి ఆ సీమలో అనేక గృహములకు కుళాయి నీరు లేదు. చేతులు కడుగుకొనుటకే నీళ్ళు మోసి తెచ్చుకొనవలెను. వారికి తిండి, నీరు పంపుటకై కొందరు చందాలు పోగుచేయ మొదలిడగా, ఆ మే నెలలో ఐర్లండునుండి వేలకొలది చిన్న చిన్న మొత్తములు వచ్చి పడసాగెను. పదిమొదలు ఇరువది డాలర్ల చందాలు, వానివెంట ఒక్కొక్క పంక్తి సందేశములు. 1847లో మీవారు మాకు చేసిన మేలు మరువలేదు అన్నది వాని సారాంశము. నిజమునకు నవాహోలు చోక్టాలు కారు. భాష వేరు, నేల వేరు, చరిత్ర వేరు. ఆ సంగతి ఎరిగినవారును ఇచ్చిరి. చోక్టా యొకడు తన బంధువు కాని ఐరిషువానికి ఇచ్చినప్పుడు, ఐరిషువాడు చోక్టా కాని నవాహోకు ఇచ్చుట తప్పెట్లగును?

ఒక చెరువులో గులకరాయి వేసినచో అలలు వాటంతట అవియే ఒడ్డునకు చేరును. ఉపకారమును దానితో పోల్చుట వాడుక. చరిత్రను పరికించినచో ఆ పోలిక సగమే నిజమని తోచును. నీటి అలకు మోయువాడు అక్కరలేదు. ఉపకారపు అలకు ప్రతి గజమునను మోయువాడు కావలెను. స్కల్లీవిల్‌లో విజ్ఞప్తి చదివినవాడు ఒకడు. పత్రికలో అచ్చువేసినవాడు ఒకడు. న్యూయార్కులో 170 డాలర్ల ప్రక్కన ఇచ్చినవారి పేరు వ్రాసిన గుమాస్తా ఒకడు. ఆ గుమాస్తా చిల్లరచందాలు అని కలిపివేసి యుండినచో ఈనాడు మిడిల్టన్‌లో శిల్పము లేదు, సోమాలియాకు నడక లేదు, నవాహో గుడిసెకు నీటిపీపా లేదు. చిన్న మేలు పెద్దదగుటకు చేసినవాని దయ మొదటి కారణము. పుచ్చుకొన్నవాని జ్ఞాపకము రెండవ కారణము. రెండవది లేనిచో మొదటిది అక్కడనే ఇంకిపోవును.

ఇంకొక హెచ్చరికయు ఈ చరిత్రలో కలదు. దయ న్యాయమునకు మారు కాదు. ఐర్లండునకు నాడు కావలసినది చందా మాత్రమే కాదు. పంటపై, భూమిపై హక్కు. చోక్టాలకు కావలసినది మెప్పు మాత్రమే కాదు. ఒడంబడికలోని మాట నిలుచుట. ప్రభుత్వములు తమ బాధ్యతను విడిచినచోట పేదల చందాలు ఆ గుంటను పూడ్చలేకపోయినవి. కాని చందా ఇచ్చిన చేయి ఒక సాక్ష్యమును మిగిల్చి పోయినది. ఇది విధివ్రాత కాదు, ఇతరులు వేరుగా ప్రవర్తింపవచ్చును, ఒకరు ప్రవర్తించిరి అన్న సాక్ష్యము. దశాబ్దములు గడచిన పిమ్మట న్యాయముకొరకు నోరెత్తువారికి ఆ సాక్ష్యమే బలమైనది. కరవు నడకలలో పాల్గొన్న ఐరిషువారు తమ పూర్వుల ఆకలిని తలచుకొని ఊరకుండక, నేటి ఆకలులకు కారణమేమని ప్రశ్నించిరి.

మన దేశముకూడ కరవులు ఎరిగినదే. నందన కరవులో, ధాత కరవులో, ఉప్పెనలలో, ఊరు విడిచి పోయిన కుటుంబములకు దారిలో ఎవరో ఒకరు గంజి పోసిరి. పసిబిడ్డకు పాలు పట్టిరి. ఒక రాత్రి అరుగుమీద తావిచ్చిరి. అట్టి మేలు పొందని వంశము తెలుగునాట అరుదు. ఆ పేరులు ఏ చిట్టాలోను లేవు. ముసలివారి నోళ్ళలో మాత్రము కొన్ని మిగిలియున్నవి. మీ ఇంట పెద్దలున్నచో ఒక సాయంకాలము వారిని అడుగుడు: మనవారు కష్టములో నున్నప్పుడు అన్నము పెట్టినవారెవరు? చెప్పిన పేరును పిల్లలచేత వ్రాయింపుడు. పెట్టినవారి వారసులు దొరకకపోవచ్చును. ఆ మేలు తీర్చుకొనుటకు వారే దొరకవలెనను నియమము లేదు. గుమ్మములో నిలిచిన అపరిచితుడు చాలును.